బొంగరం కాచిన ఖరీదైన బీరు

బొంగరం అనే పేరు తనకు ఎవరు పెట్టారో అతనికే గుర్తులేదు. పెద్ద బీరు ఫ్యాక్టరీలో చేరిన మొదటి ఏడాదే అది అతుక్కుంది, ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళూ ఊడలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడే మనిషి. ఫోను చెవికి పెట్టుకుంటే వంటగది నుంచి వాకిలిదాకా, వాకిలి నుంచి వంటగదిదాకా నడుస్తూనే ఉంటాడు. సినిమాకి వెళ్తే విశ్రాంతి రాకముందే రెండుసార్లు బయటికొచ్చి గోడల మీద పోస్టర్లు చూసి వెళ్తాడు. భార్య మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. రోజంతా నిలబడే ఉద్యోగం, ఇంటికొచ్చాక కాళ్ళు చాపుకుని కూర్చోవాలని ఉంటుంది ఆమెకి. "మీ ఎదురుగా కూర్చుంటే నాకు బస్సులో ఉన్నట్టుంటుందండీ" అని నవ్వేది.

ఫ్యాక్టరీలో పని మాత్రం అతని కాళ్ళకు తగ్గట్టే ఉండేది. ధాన్యం నానిన రోజు నుంచి సీసాకి మూత పడేదాకా పద్దెనిమిది రోజులు. ఒక ట్యాంకు ఖాళీ అయ్యేసరికి ఇంకోటి నిండేది. పల్చగా, చల్లగా, ఎవరికీ అభ్యంతరం లేని బీరు. తాగినవాడు పొగడడు, తిట్టడు. ఇన్నేళ్ళలో ఏ సీసా కూడా ఇంకో సీసాకి తేడాగా లేదన్నదే బొంగరం గర్వం. తర్వాత యాజమాన్యం ఆ పని మొత్తాన్ని వేరే చోటికి తరలించింది. యాభై నాలుగో ఏట చేతిలో ఒక గోడ గడియారం పెట్టి ఇంటికి పంపించేశారు.

ఇంట్లో ఉన్న ఆ మూడు నెలల్లో అతను కుళాయిలన్నీ విప్పి బిగించాడు. బాగున్నవి కూడా. బిగించాక రెండు కారడం మొదలెట్టాయి. చివరికి భార్యే తమ్ముడికి ఫోను చేసి, ఈయన్ని నీ దగ్గరికి తీసుకుపో, లేకపోతే నేనే వచ్చేస్తానంది.

ఆ తమ్ముడు, అంటే బొంగరానికి బావమరిది, బ్యాంకు ఉద్యోగం మానేసి, మూతపడ్డ లాండ్రీ ఒకటి అద్దెకు తీసుకుని చిన్న బ్రూవరీ పెట్టాడు. నేలంతా తెల్లటి పలకలు, మధ్యలో నీళ్ళు పోయే కాలువ, గోడలకి ఇంకా వదలని సబ్బు వాసన. నాలుగు ట్యాంకులు, ఐదుగురు మనుషులు. బొంగరం వచ్చాక ఆరుగురయ్యారు. నాలుగు రకాల మామూలు బీర్లు కాచి చుట్టుపక్కల హోటళ్ళకి పంపేవారు. రెండేళ్ళు బాగానే గడిచాయి.

అప్పుడు బావమరిది బుర్రలోకి పెద్ద బీరు ఆలోచన దూరింది. పన్నెండు శాతం బలం, నల్లగా, చిక్కగా ఉండాలి. బ్రాందీ నిలవ ఉంచిన చిన్న చిన్న చెక్క పీపాల్లో ఏడాదిపాటు ఊరాలి. ఐదు వందల సీసాలే చేయాలి, చిన్న సీసాలు, ఒక్కోదానికి నెంబరు, మూతికి ఎర్ర మైనం. ధర మామూలు బీరు రెండు డజన్ల సీసాల ధర.

"ఇది బీరా, బంగారమా?" అన్నాడు బొంగరం. "రెండు డజన్లు కొంటే మనిషికి నెల గడుస్తుంది. దీన్ని గంటలో తాగేసి తర్వాత ఏం చేస్తాడు, సీసా ముందు పెట్టుకుని చూసుకుంటాడా?"

"నువ్వు కాచి చూడు బావా. తర్వాత మాట్లాడదాం" అన్నాడు బావమరిది.

కాచాడు. మామూలు బీరుకి పట్టే ధాన్యానికి రెట్టింపు పట్టింది. మొదట దిగిన చిక్కటి రసం మాత్రమే తీసుకుని ఆరు గంటలు మరిగించాల్సి వచ్చింది. ఇంటికెళ్ళి స్నానం చేసినా ఒంటికి మాడిన చక్కెర వాసన పోలేదు. ఈస్ట్ మొదటి వారం ఎగిరెగిరి పనిచేసి, తను చేసిన మత్తులో తనే సొమ్మసిల్లింది. దానికి వెచ్చదనం ఇచ్చి, ట్యాంకు కదిపి, బతిమాలి లేపాడు. ఇదంతా అతనికి నచ్చింది, చేతినిండా పని కాబట్టి. ఆరు పీపాలు నింపి బిరడాలు కొట్టేశాక మాత్రం, ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. ఏడాది ఆగాలి. అంతే.

నెలకోసారి మాత్రమే రుచి చూడాలని బావమరిది గోడ మీద కాగితం అంటించాడు. అదీ పీపా ముందువైపు చెక్కకి కొట్టిన సన్న మేకు లాగి, రెండు చెంచాలు పట్టుకుని, వెంటనే మేకు కొట్టేయాలి. పైనున్న బిరడా తీస్తే లోపలికి గాలి పోతుంది, గాలి పోతే బీరు పులిసి పాడవుతుంది. ఈ సంగతి ఆ బ్రూవరీలో అందరికంటే బాగా తెలిసింది బొంగరానికే. రెండు నెలలు కాగితం మాట విన్నాడు. మూడో నెలలో, మేకు దగ్గర వచ్చేది పీపా కింది భాగం రుచే కదా, పైన ఎలా ఉందో ఏం తెలుస్తుందని తనకు తనే నచ్చజెప్పుకుని, గోడవైపున్న నాలుగో పీపా బిరడా తీసి, గాజు గొట్టం దించి ఒక గుక్క తాగి చూశాడు.

అది మొదలు. సెలవు రోజున తాళాలు మర్చిపోయానని వచ్చేవాడు. పంపు చప్పుడు చేస్తోందేమోనని వచ్చేవాడు. వచ్చి నేరుగా నాలుగో పీపా దగ్గరికే వెళ్ళేవాడు. ఇంకా కాలేదు అనుకుని బిరడా బిగించేవాడు, బయటికెళ్ళి వీధి చివరిదాకా నడిచి, సరిగ్గా బిగించానా లేదా అని వెనక్కి వచ్చేవాడు. తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం, గొట్టం ఇంకా నోటిదాకా రాకముందే, వెనిగర్ వాసన గుప్పున ముక్కుకి తగిలింది.

మిగతా ఐదింటినీ మేకులు లాగి చూశాడు. అవి శుభ్రంగా ఉన్నాయి. ఇదొక్కటే పోయింది, ఎందుకు పోయిందో చెప్పడానికి సాక్షులు అక్కర్లేదు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టాడు. పక్కింటివాళ్ళ గేటు కిర్రుమంటోందని వెళ్ళి నూనె పోసొచ్చాడు, వాళ్ళు అడక్కుండానే. మూడో రోజు సాయంత్రం భార్య అతని చేతిలోంచి నూనె డబ్బా లాక్కుని, "ఏం పాడుచేశారు?" అంది. ఏమైందని కూడా అడగలేదు, ముప్పై ఏళ్ళ కాపురం మరి. చెప్పేశాడు. ఆమె మందలించలేదు. తమ్ముడికి తను చెప్పనని, ఆయన నోటితోనే చెప్పాలని, అదీ రేపు పొద్దున్నే చెప్పాలని మాత్రం అంది.

బావమరిది అంతా విని, నాలుగో పీపా బిరడా తీసి వాసన చూశాడు. నాలుగు తిట్లు తిడితే బాగుండునని బొంగరానికి అనిపించింది. అతను తిట్టలేదు. గాజు జాడీ తెప్పించి, ఐదు పాళ్ళు మంచిది, ఒక పాలు పులిసింది పోసి కలిపాడు. ఇద్దరూ తాగి చూశారు. భయపడ్డంత ఏం లేదు. చివర్లో నాలిక పక్కన సన్నటి పులుపు, అంతే.

"కొందరికి ఇదే నచ్చుతుంది బావా. పండ్ల పులుపు ఛాయ అని లేబుల్ మీద రాసేద్దాం. నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుస్తుంది?"

బొంగరం జాడీ పట్టుకుని ట్యాంకుల చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. పెద్ద ఫ్యాక్టరీలో అయితే ఈ మాట తనే అనేవాడు. ఒక ట్యాంకు తేడా వస్తే పది ట్యాంకుల్లోకి పంచేసేవారు, ఆ పని తన చేత్తోనే ఎన్నోసార్లు చేశాడు. దాహానికి కొనుక్కునే బీరు, ఆ ధరకి అది అన్యాయమని ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు మాత్రం ఆ చిన్న సీసా పట్టుకుని ఎవరో ఒక మనిషి ఇంటికి వెళ్తున్నట్టు కళ్ళకు కట్టింది.

"మామూలు ధరైతే కలిపేద్దునురా" అన్నాడు. "అంత ధర పెట్టింది నువ్వు. అంత పెట్టి కొన్నవాడికి నా కక్కుర్తి కలిపి పొయ్యలేను."

"ధర ఎక్కువని ఏడాది నుంచి నన్ను ఆడిపోసుకుంటున్నది నువ్వే కదా బావా."

"అందుకే."

నాలుగో పీపాని లాండ్రీ కాలువలోకి వంచేశారు. బొంగరమే వంచాడు. తొమ్మిది నెలల సరుకు, తెల్ల పలకల మీద నల్లగా పారి, ఐదు నిమిషాల్లో పోయింది. సీసాలు ఐదు వందల నుంచి నాలుగు వందల పదికి పడిపోయాయి. పడిపోయాయి కాబట్టి బావమరిది ధర పెంచాడు. ధర తగ్గించమని పోరిన మనిషి వల్లే ధర పెరిగిందని పనివాళ్ళు నెలరోజులు నవ్వుకున్నారు. వాళ్ళకి తలా ఒకటి ఊరికే ఇస్తానన్న సీసాలు కూడా ఆ దెబ్బతో ఎగిరిపోయాయి. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఒక శనివారం పొద్దున పదింటికి అమ్మకం పెట్టారు. తొమ్మిదికే క్యూ లాండ్రీ గోడ దాటి మలుపు తిరిగింది. కాచిన మనిషిని జనం చూడాలని బావమరిది అతనికి ఇస్త్రీ చొక్కా తొడిగించి కౌంటర్ పక్కన నిలబెట్టాడు. మనిషికి రెండు సీసాలే అని నియమం. టోపీతో వచ్చి రెండు కొన్నవాడు టోపీ తీసేసి మళ్ళీ వచ్చాడు. ఇంకొకాయన చక్రాల పెట్టెలో దుప్పట్లు పరుచుకుని వచ్చి, సీసాల్ని పసిపిల్లల్లా పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. బొంగరం ఒక్కొక్కర్నీ ఎప్పుడు తాగుతారని అడిగాడు. ఒకాయన ఐదేళ్ళ తర్వాత అన్నాడు. ఒకాయన అసలు తాగనని, ఇలాంటివి తన దగ్గర నూట నలభై ఉన్నాయని, వాటికోసం అద్దాల బీరువా చేయించానని చెప్పాడు. పదకొండయ్యేసరికి క్యూలోనే ఎవరో ఫోను చాపి చూపించారు. పదింటికి అమ్మిన సీసాలు అప్పుడే రెట్టింపు ధరకి మళ్ళీ అమ్మకానికొచ్చాయి.

బొంగరానికి కాలు కింద నిప్పు పెట్టినట్టయింది. వందల సీసాలు కళ్ళముందు నుంచి వెళ్ళిపోతున్నాయి, మూత తీసేవాడు ఒక్కడూ లేడు.

పన్నెండు దాటాక ఒక నడివయసు ఆవిడ వచ్చింది. భుజాన పనిముట్ల సంచి, నీలం చొక్కా, జేబు మీద లిఫ్టుల కంపెనీ పేరు కుట్టి ఉంది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పొద్దుటి నుంచీ వచ్చినవాళ్ళు ఏ ధాన్యం, ఎలాంటి పీపా, ఎన్ని నెలలు అని అడిగారు. ఆవిడ సీసాని చేతిలో తిప్పి చూసి సూటిగా ఒకటే అడిగింది.

"మీరే కాచారంట కదా. ధరకి తగ్గట్టు ఉంటుందా?"

బొంగరం మనసులో వెనక్కి లెక్కేసుకున్నాడు. ఏడాదంతా గొట్టంతో గుక్కలు గుక్కలుగా, నిలబడి, దొంగచాటుగా తాగాడు తప్ప, గ్లాసులో పోసుకుని ఒక్కసారైనా తాగిందే లేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

పక్కనే ఉన్న బావమరిది మొహం పాలిపోయింది. ఆవిడ మాత్రం పకపకా నవ్వి, ఒక సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న అతని చెవిలో ఇల్లు కట్టుకుంది. ఇరవై సీసాలు మిగిలాయనగా కౌంటర్ వదిలేసి బయటికెళ్ళి క్యూ చివర నిలబడ్డాడు. బావమరిది వెనకే పరుగెత్తుకొచ్చి, జనంలో పరువు తీయొద్దని, కావాలంటే మిగిలినవాటిలో ఒకటి తీసి ఊరికే ఇస్తానని బతిమాలాడు. ఊరికే వస్తే ధరకి తగ్గట్టుందో లేదో ఎలా తెలుస్తుందని బొంగరం వాదన. తన వంతు వచ్చేదాకా కాలు మార్చి కాలు మీద నిలబడి, పూర్తి ధర కట్టి ఒక సీసా తెచ్చుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్య గ్లాసులు తెచ్చింది. పై అంతస్తులో ఉండే బొంగరం అక్కని కూడా పిలిచారు. ఆవిడ ఒక గుక్క తాగి, దగ్గుమందులా ఉందని మొహం పెట్టి, దగ్గుమందు ఇంత ఖరీదుండదు వదినా అని మరదలు అంటుంటే వినకుండానే ఫ్యాను కింద నడుం వాల్చింది. మిగిలింది మొగుడూ పెళ్ళాలు చెరిసగం పోసుకున్నారు.

బొంగరం తన గ్లాసు పది నిమిషాల్లో ఖాళీ చేశాడు. తప్పులు వెతుకుతూ తాగాడు. బలం ఉంది, చెక్క వాసన ఉంది, మాడిన చక్కెర ఉంది, పులుపు లేదు. తప్పు దొరకలేదు, సంతోషమూ దొరకలేదు. లేచి కిటికీ దగ్గరికెళ్ళి, తిరిగొచ్చి, ధరకి తగ్గట్టు లేదని, రెండు డజన్లే నయమని తేల్చేశాడు. భార్య గ్లాసు ఇంకా పావు కూడా తగ్గలేదు. ఆమె స్టూలు మీద కాళ్ళు పెట్టుకుని వారపత్రిక చదువుకుంటూ, గుర్తొచ్చినప్పుడు పెదవి తడుపుకుంటోంది. గంట గడిచి, చల్లదనం పూర్తిగా పోయాక, ఉన్నట్టుండి పత్రిక దించింది.

"ఇది ఇందాకటిది కాదండీ. ఇందాక కాల్చినట్టుంది, ఇప్పుడు ఎండిన పండులా ఉంది. ఇదుగో చూడండి."

గ్లాసు అందుకుని తాగాడు. నిజమే. చల్లటి పీపా పక్కన నిలబడి మింగిన అన్ని గుక్కల్లో ఒక్కదాంట్లోనూ ఇది తగల్లేదు. ఇంకో గుక్కకి చెయ్యి లేచేలోపు ఆమె గ్లాసు వెనక్కి తీసేసుకుంది. "మీ వాటా మీరు తాగేశారు" అంది.

ఇప్పుడు అతనికి ఇంకా ఎక్కువ చిరాకు పుట్టింది. ఒకే సీసాలో సగం దండగ, సగం కాదు అంటే ఏమన్నట్టు? ధర కట్టింది బీరుకా, కూర్చునే ఓపికకా? ఆ నీలం చొక్కా ఆవిడ తనలా తాగి ఉంటుందా, తన భార్యలా తాగి ఉంటుందా, లేక ఆవిడా అద్దాల బీరువాలో పెట్టేసిందా? రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు ఓర్చుకోలేకపోయాడు.

బ్రూవరీలో బస్తాలు పైకి చేరవేసే సరుకుల లిఫ్టు ఒకటుంది. లాండ్రీ కాలం నాటిదైనా గడియారంలా పనిచేస్తుంది. బొంగరం ఆవిడ జేబు మీద చూసిన కంపెనీకి ఫోను చేసి, లిఫ్టు మధ్యమధ్యలో ఆగిపోతోందని, నీలం చొక్కాలో వచ్చే మెకానిక్కే కావాలని చెప్పాడు. మావాళ్ళందరివీ నీలం చొక్కాలేనండీ అన్నారు అవతల. మెకానిక్ ఆడమనిషని చెప్తే, అలాగైతే మా దగ్గర ఒక్కరే ఉన్నారని, రేపు పంపిస్తామని పెట్టేశారు.

మర్నాడు ఆవిడ వచ్చి, గంటసేపు లిఫ్టుని పైకీ కిందకీ తిప్పి, తీగలు చూసి, మోటారు చూసి, చేతులు తుడుచుకుంటూ దీనికి ఏ రోగమూ లేదని తేల్చింది. బొంగరం బస్తా మీద కూర్చోబోయి, లేచి, అసలు సంగతి ఒప్పుకున్నాడు. ఆవిడకి నవ్వాగక లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడింది. ఆ సీసా కొన్న రోజే ఖాళీ అయిపోయిందని చెప్పింది. పదహారు అంతస్తుల భవనంలో పాత లిఫ్టు తీసి కొత్తది బిగించే పని మూడు వారాలుగా నడిచిందట. ఆ శనివారం సాయంత్రం పని పూర్తయి, పనిముట్లు సర్దేశాక, మేడమీద నలుగురూ టీ గ్లాసుల్లో తలా కాస్త పోసుకున్నారట.

"మరి తగ్గట్టుందా?" అన్నాడు బొంగరం.

"రుచికైతే, మావాడొకడు నేలకి రాసే పాలిష్‌లా ఉందన్నాడండీ. నాకు మొదటి గుక్క నచ్చలేదు, తర్వాత నచ్చింది. మామూలువి తెచ్చుకుంటే ఎవరి సీసా వాళ్ళు పట్టుకుని ఫోన్లు చూసుకునేవాళ్ళం. ఇది ఒక్కటే ఉందాయె. ఎవరికెంత పోశారు, ఎవరిది ఎంత మిగిలింది అని ఒకళ్ళనొకళ్ళు కాపలా కాసుకుంటూ గంటన్నర కూర్చున్నాం. మూడు వారాల్లో నలుగురం ఒకచోట కూర్చుంది అప్పుడే." ఆవిడ సంచి సర్దుకుంది. "దానికైతే ఆ ధర ఇవ్వొచ్చు. ఒక్కదాన్నే తాగి ఉంటే మీకు శాపనార్థాలు పెట్టేదాన్ని."

వెళ్తూ వెళ్తూ వచ్చిన పనికి బిల్లు రాసిచ్చింది. లేని రోగానికి అయిన ఖర్చు సీసా ధర కంటే ఎక్కువే తేలింది. బావమరిది ఆ కాగితం పట్టుకుని ఇదేంటని అడిగితే, బొంగరం నా జీతంలో పట్టుకో అని ఊరుకున్నాడు.

ఊరుకున్నది ఆ ఒక్క విషయంలోనే. మళ్ళీ ఏడాదికి పెద్ద బీరు కాచే మాట రాగానే, సగం సరుకు సీసాల్లో పెట్టకూడదని, ఇక్కడే చిన్న గ్లాసుల్లో పోసి, కూర్చుని తాగేవాళ్ళకి అమ్మాలని, చల్లగా అసలు ఇవ్వకూడదని పట్టుపట్టాడు. అలా అయితే మామూలు మనిషి కూడా సీసా ధర పెట్టకుండా రుచి చూడగలడని అతని మాట. అద్దాల బీరువాలవాళ్ళ డబ్బుతోనే మన జీతాలు వస్తున్నాయని బావమరిది గుర్తుచేశాడు. అదీ నిజమే. రెండు వారాలు వెంటపడి పోరాక అతను మూడో వంతుకి ఒప్పుకున్నాడు, పీపాల గది తాళం తన అక్క దగ్గర, అంటే బొంగరం భార్య దగ్గర ఉంటుందన్న షరతు మీద. ఆ ఏడాది బొంగరం ఎలా గడిపాడో వాళ్ళావిణ్ణే అడగాలి. నెలకోసారి ఆమె తాళంచెవి పట్టుకుని పక్కన నిలబడితే మేకు లాగి రుచి చూసేవాడు. మిగతా రోజుల్లో ఆ తలుపు ముందు నేల అరిగేలా తిరిగాడు. ఆరు పీపాలకి ఆరూ దక్కాయి.

గ్లాసుల రోజున హాలులో బల్లలు వేశారు. యాభైమంది దాకా వచ్చారు. ఒకాయన రెండు గుక్కలు తాగి, ఇంతకంటే ఓ పూట భోజనం నయమని లేచి వెళ్ళిపోయాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే గ్లాసు మధ్యలో పెట్టుకుని ఏవో పాత గొడవలు తిరగదోడుకుంటున్నారు. బొంగరం బల్ల బల్ల దగ్గరా వంగి ఎలా ఉందని అడిగాడు, పది నిమిషాలకి మళ్ళీ వెళ్ళి ఇప్పుడెలా ఉందని అడిగాడు. మూడోసారికి జనం గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలెట్టారు. బావమరిది అతని భుజం పట్టుకుని వెనక పెరట్లోకి నడిపించి, నీ పుణ్యముంటుంది బావా, ఖాళీ పీపాలు కడుగు అని చెప్పి వెళ్ళాడు.

వేడి నీళ్ళు పోసి, పీపాని దొర్లించి, వంచి, మళ్ళీ పోస్తూ కడిగాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైనప్పుడల్లా ఎవరు లేచి వెళ్ళిపోతున్నారోనని చెయ్యి ఆగిపోయేది. రెండో పీపా సగంలో ఉండగా ఒక పెద్దాయన గ్లాసు పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చి, ఇది కాచింది మీరేనా అని అడిగాడు. బొంగరం పైపు కట్టేసి అవునన్నాడు. పెద్దాయన గుమ్మానికి ఆనుకుని, అడుగున మిగిలినదాన్ని ఎండకి పట్టి చూసి, తీరిగ్గా తాగాడు. అంతసేపూ బొంగరం తడి చేతులతో అలాగే నిలబడ్డాడు.

"ధర మాత్రం ఎక్కువండీ" అన్నాడాయన చివరికి. గ్లాసు ముందుకు చాపి, "ఇంకోటి దొరుకుతుందా?" అన్నాడు.

మనిషికి ఒక గ్లాసే అని బావమరిది గట్టిగా చెప్పి ఉన్నాడు. బొంగరం ఆ గ్లాసు అందుకుని, ఏం చెప్పి పోయించుకు రావాలా అని ఆలోచిస్తూనే లోపలికి పరుగెత్తాడు.